సినిమావాళ్ళ డ్రెస్సు

హాస్టలు సినిమాలంటే నాగవేణికి మొదటినుంచీ అనుమానమే. అనుమానమని చూడటం మానేసిందా అంటే అదీ లేదు. కుట్టుమిషను పక్కన స్టూలు మీద ఫోను నిలబెట్టుకుని, కాలు ఆడిస్తూ, అలాంటివి ఓ పదిహేను చూసి ఉంటుంది. అన్నీ ఒకే తానులో ముక్కలు. పెద్ద గేటు, గేటు వెనక తెల్లటి మేడ, అందులో ఒక్కసారైనా పుస్తకం తెరవని పిల్లలు. అబ్బాయిల వైపుకీ అమ్మాయిల వైపుకీ నడుమ ఓ గోడ. ఆ గోడ కట్టిందే దూకడానికన్నట్టు ఉంటుంది. వార్డెనమ్మ లావుగా ఉండి గురకపెడుతుంది. తల్లి సంగతి ఇక చెప్పనక్కర్లేదు. సగం సినిమాల్లో అసలు ఉండదు. ఉన్నా, ఇంటర్వెల్ తర్వాత ఒకసారి వచ్చి కూతుర్ని చెంప మీద ఒక్కటిచ్చి వెళ్ళిపోతుంది.

"ఈళ్ళకి పరీక్షలుండవా అత్తా?" అని అడుగుతుంది నాగవేణి. పక్కింటి రోశమ్మ రోజూ గడపలో కూర్చుని గుండీలు కుట్టిపెడుతుంది. వరసకు అత్త కాదు గాని, పదేళ్ళుగా పిలుపు అదే.

"పరీక్షలు పెడితే సినిమా ఎవడు చూస్తాడే," అంటుంది రోశమ్మ దారం పంటితో కొరికి.

కూతుర్ని హాస్టల్లో పెట్టుకుని ఇలాంటివి చూడటం దేనికంటే ఏం చెబుతుంది? పక్కవీధిలో దొంగలు పడ్డారని విన్నవాడు వేసిన తాళాన్నే ఇంకోసారి లాగి చూసుకోడూ, అదీ అంతే. నాగవేణి కూతురు సంజన ఇంటర్ మొదటి సంవత్సరం. నరసరావుపేట దాటాక వినుకొండ రోడ్డులో ఉన్న రెసిడెన్షియల్ స్కూల్లో ఆరో క్లాసు నుంచీ ఉంటోంది. ఆ స్కూల్లో ఆడపిల్లల యూనిఫారాలన్నీ నాగవేణే కుడుతుంది. కుట్టుకూలి ఆమె చేతికి రాదు, సంజన ఫీజులోకి పోతుంది. అంటే ఆ పిల్ల చదువు ఆ మిషను మీదే నడుస్తోందన్నమాట.

ఇది ఇలా ఉండగా, దసరా సెలవుల్లో ఆ స్కూల్లోనే ఒక హాస్టలు ప్రేమకథ షూటింగు పెట్టుకున్నారు. బట్టలు చూసుకునే కిరణ్ కుమార్ అనే నడివయసు మనిషి నాగవేణి ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు. ఇదే నీలం గళ్ళ గుడ్డ, ఇదే చుడీదారు, ముప్పై జతలు కావాలన్నాడు. అయితే స్కూలు పిల్లల టాపులు మోకాలు దాటుతాయి గదా, వీటిని నాలుగంగుళాలు కురచ చెయ్యాలి. వీపున జిప్పు పెట్టాలి. ఒంటికి అతుక్కున్నట్టు ఉండాలి.

"బడికి పోయే పిల్లలు గదండీ. ఊపిరాడొద్దా?" అంది నాగవేణి.

"వీళ్ళు బడికి పోరమ్మా, పాటలోకి పోతారు," అన్నాడు కిరణ్ కుమార్.

ఆమె కుట్టిచ్చింది. కుడుతున్నంతసేపూ ఏదో తప్పుడు పని చేస్తున్నట్టు ఉంది. సెలవులైపోయి పిల్లలు తిరిగొచ్చాక, ఏ పిల్ల ఆ కురచ డ్రెస్సు చూసి "ఆంటీ, నాకూ అట్టా కుట్టవా" అంటుందోనని నెలంతా భయపడింది. ఎవరూ అడగలేదు. అడగలేదని కూడా అనుమానమే వేసింది.

*

కార్తీకమాసం రెండో సోమవారం పొద్దున పదింటికి మహాలక్ష్మమ్మ దగ్గరనుంచి ఫోను వచ్చింది. మహాలక్ష్మమ్మ ఆడపిల్లల హాస్టలు వార్డెను. లావూ లేదు, గురకా పెట్టదు. సన్నగా, పొడుగ్గా, అడుగుల చప్పుడు వినపడకుండా నడిచే మనిషి.

"నాగవేణీ, ఒకసారి రా. ఇప్పుడే."

"పిల్లకి జరమా అమ్మగారూ?"

"జరం కాదు. వచ్చినాక మాట్లాడదాం."

జ్వరం కాదంటే ఏ తల్లికైనా మనసు కుదుటపడాలి. నాగవేణికి పడలేదు. పదహారేళ్ళ ఆడపిల్లకి జ్వరం కాకపోతే ఇంకేముంటుంది? మిషను మీద సగం కుట్టిన జాకెట్టు చెయ్యి అలాగే సూది కింద వదిలేసి, చీర మీద దారప్పోగులు దులుపుకోకుండానే ఆటో ఎక్కింది.

ప్రిన్సిపాలు గోపాలకృష్ణయ్య గారు కుర్చీ చూపించారు. ఆమె కూర్చోలేదు. బీరువా పక్కన సంజన నిలబడి ఉంది, రెండు జడలూ ఎర్ర రిబ్బన్లూ చక్కగానే ఉన్నాయి, మొహమే ఎవరిదోలా ఉంది. ఆయన తన ఫోను బల్ల మీదుగా నాగవేణి వైపు జరిపారు.

కోటప్పకొండ ఘాట్ రోడ్డు మలుపులో పిట్టగోడ. గోడ మీద వీపు ఇటు పెట్టి కూర్చున్న ఆడపిల్ల. నీలం గళ్ళ టాపు, రెండు జడలు, ఎర్ర రిబ్బన్లు. చున్నీ తీసి ఒళ్ళో పెట్టుకుంది. కుడిచెయ్యి ఎత్తి కింద లోయలోకి దేన్నో చూపిస్తోంది. పక్కనే మెరూన్ చొక్కా అబ్బాయి. ఆ అబ్బాయి ఆమె చూపించేది చూడటం లేదు, ఆమెనే చూస్తున్నాడు.

"తల్లిదండ్రుల గ్రూపులో పడిందమ్మా ఇది," అన్నారు ప్రిన్సిపాలు. "ఎవరు తీశారో, ఎప్పుడు తీశారో తెలియదు. నంబరేమో మనవాళ్ళది కాదు. కానీ యూనిఫారం మనది. పొద్దున్నించీ నలభై మంది ఫోన్లు చేశారు, మీ స్కూల్లో ఇదా నేర్పేది అని."

ఆ స్కూల్లో ఆదివారం బయటికి పంపినా యూనిఫారం లోనే పంపుతారు. ఊళ్ళో ఎవరి కంట పడినా ఫలానా స్కూలు పిల్ల అని తెలియాలని ఆ నియమం. నిన్న ఏడుగురు పిల్లలు బయటికి వెళ్ళారు. అయిదింటికల్లా రావాలి. అయిదుగురు వచ్చారు. సంజనా, ఆమె నేస్తం ఇంద్రజా ఆరున్నరకి వచ్చారు.

"ఇంద్రజ వాళ్ళ మేనత్త ఇంట్లో ఉందని పుల్లారావు గారు ఫోనులో చెప్పారు," అన్నారు ప్రిన్సిపాలు. పుల్లారావు అంటే ఇంద్రజ తండ్రి, మిర్చి కోల్డ్ స్టోరేజీ ఆసామి, స్కూలు కమిటీలో మెంబరు. ఆయన చెప్పాక ఇక అడిగేదేముంది? "మీ అమ్మాయేమో గంటన్నర బస్టాండులో కూర్చున్నానంటుంది. ఎందుకు కూర్చున్నావంటే చెప్పదు."

ఏడుగురిలో అయిదుగురు వేళకే వచ్చేశారు, ఆరో పిల్లకి తండ్రి ఉన్నాడు, మిగిలింది కుట్టుపని ఆమె కూతురు. లెక్క తేలిపోయింది. నాగవేణికి ఆ లెక్కలో మోసం కనపడాలి, ఆ వేళ కనపడలేదు. ఆమెకు కనపడింది ఆ ఒళ్ళో పెట్టుకున్న చున్నీ.

"నువ్వేనా?" అంది కూతురి దగ్గరికి వెళ్ళి.

"నేను కాదమ్మా."

"మరెవరు?"

సంజన నేలచూపులు చూసింది.

"బస్టాండులో ఏం పనే నీకు, గంటన్నర?"

సంజన చున్నీ అంచును వేలికి చుట్టుకుంది.

చెయ్యి ఎప్పుడు లేచిందో నాగవేణికే తెలియదు. చెంప మీద పడిన చప్పుడుకి బయట వరండాలో నడుస్తున్న పిల్లలు ఆగిపోయారు. సంజన ఏడవలేదు. రిబ్బను జారితే దాన్ని సర్దుకుని తల్లి వైపు చూసింది. ఆ చూపులో కోపం లేదు. ఉంటే బాగుండేది.

"ఇక్కడ వద్దమ్మా, పిల్లలు చూస్తారు," అన్నారు ప్రిన్సిపాలు, ఇంటికి తీసుకెళ్ళి కొట్టుకోమన్నట్టు. "గురువారం కమిటీ కూర్చుంటుంది. అప్పటిదాకా పిల్లని మీ దగ్గరే ఉంచుకోండి. కమిటీ వద్దంటే టీసీ తీసుకోవాల్సి ఉంటుంది. నేను చేసేదేమీ లేదు."

*

మంగళవారమంతా ఇల్లు పోలీస్ స్టేషను అయింది. సంజన హాస్టలు పెట్టెను నాగవేణి చాప మీద బోర్లించింది. ప్రతి పుస్తకాన్నీ అట్ట పట్టుకుని దులిపింది. కెమిస్ట్రీ రికార్డులోంచి ఓ మడత కాగితం రాలింది. విప్పితే ఏవో అక్షరాలూ అంకెలూ, మధ్యలో బాణం గుర్తులు. ప్రేమ గుర్తులకు బాణాలు వేస్తారని ఆమెకు తెలుసు. కూతురు చేత చదివించింది. ఉప్పు ఎలా తయారవుతుందో ఉంది అందులో.

"ఈ క్లిప్పు యాడిది? నేను కొనలా."

"ఇంద్రజ ఇచ్చింది."

"ఇంద్రజ పేరు పెట్టి ఇంకెవరిచ్చారో."

సంజన చెల్లాచెదురుగా పడ్డ పుస్తకాలను ఒక్కొక్కటే తీసి, పెద్దవి కిందా చిన్నవి పైనా పేర్చింది. అలా మాట్లాడకుండా పనిచేసుకుంటుంటే నాగవేణికి ఇంకా మండింది. తప్పులేని పిల్లయితే ఏడుస్తుంది, అరుస్తుంది, తిండి మానేస్తుంది. ఈ పిల్ల శుభ్రంగా పచ్చడన్నం తిని కంచం కడిగిపెట్టింది.

మొగుడు శ్రీను సున్నం లోడుతో పిడుగురాళ్ళ నుంచి చెన్నై పోయి ఉన్నాడు. చెప్పాలా వద్దా అని రెండుసార్లు ఫోను తీసి, రెండుసార్లూ పెట్టేసింది. చెబితే లారీ ఎక్కడుంటే అక్కడ ఆపేసి వస్తాడు. వచ్చి ఏం చేస్తాడో ఆమెకు తెలుసు. తాను కొట్టింది చాలదా?

మిషను మీద కూర్చుందే గాని ఆ రోజు కుట్టిందల్లా విప్పింది. చూసిన పదిహేను సినిమాలూ బుర్రలో తిరిగాయి. ఒక్కొక్క సినిమాలోంచీ హీరోయినును తీసేసి ఆ చోట సంజనను నిలబెట్టి చూసుకుంది. గోడ దూకేదాంట్లో సరిపోయింది, లైబ్రరీలో చీటీ ఇచ్చేదాంట్లో సరిపోయింది, వానలో తడిసేదాంట్లోనూ సరిపోయింది. అనుమానానికి కొలతలక్కర్లేదు, ఎవరికి తొడిగినా పడుతుంది.

"కొట్టావంటగా," అంది సాయంత్రం రోశమ్మ, గుండీల డబ్బా ముందు వేసుకుని. "పిల్ల కాదంటంటే ఎందుకు నమ్మవే?"

"కాదంటే ఎవరో చెప్పొచ్చుగా అత్తా."

"చెప్పకపోతే అదేనా?"

"మరి? బస్టాండులో గంటన్నర ఏం చేసుద్ది? బస్సులు లెక్కబెట్టిందా?"

రోశమ్మ సూదిలో దారం ఎక్కించడానికి వెలుతురు వైపు తిరిగింది. "నాకు సినిమాలు తెలవ్వమ్మా," అంది.

*

బుధవారం మధ్యాహ్నం సంజన యూనిఫారం ఉతికి ఆరేసి, ఇస్త్రీకి తీసింది నాగవేణి. స్కూలుకి పోయేదీ లేనిదీ గురువారం తేలుతుంది, అయినా గుడ్డ నలిగి ఉంటే ఆమె చెయ్యి ఊరుకోదు. టాపును బోర్లా పరిచి, వీపు మీద నీళ్ళు చిలకరించి, ఇస్త్రీపెట్టె మెడ దగ్గర ఆనించి కిందికి లాగింది. నడుము దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఆగిపోయింది.

ఆ గుడ్డలో నీలం గళ్ళ మధ్య ఎర్రగీత ఒకటి వస్తుంది, జానెడు దూరానికి ఒకటి. కత్తిరించేటప్పుడు ఆ ఎర్రగీత మీదే మడత పెట్టుకుంటే అది సరిగ్గా నడివీపున నిలువుగా దిగుతుంది. స్కూల్లో ఏ పిల్ల వీపు చూసినా మధ్యలో ఆ గీత ఉంటుంది. సంజన టాపుకు మాత్రం ఉండదు. అందరివీ కుట్టాక మిగిలిన ముక్కలతో సంజనది కుడుతుంది నాగవేణి. వీపు రెండు ముక్కలు, నడుమ అతుకు. ఆ అతుకులోకే ఎర్రగీత పోయింది. గళ్ళకి గళ్ళు కలిపి, అతుకు తెలియకుండా ఉండాలని ఆ రోజు ఎంతసేపు కూర్చుందో ఆమెకే తెలుసు.

ఇస్త్రీపెట్టె నిలబెట్టి ఫోను తీసింది. ఆ ఫొటో ఇప్పటికి యాభైసార్లు చూసి ఉంటుంది. చూసిన ప్రతిసారీ చున్నీనీ, ఆ అబ్బాయినీ చూసింది. ఈసారి వేళ్ళతో పెద్దది చేసి గుడ్డను చూసింది.

నడివీపున ఎర్రగీత. మెడ నుంచి కింది అంచు దాకా, తిన్నగా.

సంజన కాదు.

నాగవేణికి ముందు ఏడుపు వచ్చింది, తర్వాత నవ్వు వచ్చింది, ఆ తర్వాత కుడి అరచెయ్యి మంట పుట్టినట్టయింది. కుట్టిన చేతికి తెలియాల్సింది సోమవారమే తెలియలేదేమి? మూడు రోజులు! గుడ్డ ఏదో చూడకుండా మూడు రోజులు బట్టలు కుట్టుకునే మనిషి!

అక్కడితో ఆగితే బాగుండేది. కానీ ఒకసారి కుట్టు చూడటం మొదలుపెట్టిన కన్ను ఆగదు. ఎత్తిన ఆ కుడిచెయ్యి కింద, చంక నుంచి పక్క చీలిక దాకా, రెండు వేళ్ళ వెడల్పున ఒక పట్టీ ముక్క ఉంది. అక్కడ గళ్ళు కలవలేదు. రంగు కూడా ఒక పిసరు తేలిక. ఆ ముక్క ఆమె కత్తిరించిందే. దసరా సెలవుల తర్వాత "ఊపిరాడట్లా ఆంటీ, కొంచెం లూజు చెయ్యి" అంటూ వచ్చిన పిల్లకి, విప్పడానికి లోపల గుడ్డ లేక, సినిమావాళ్ళు తెచ్చిచ్చిన తానులో మిగిలిన పీలిక తీసి రెండు పక్కలా వేసింది. స్కూలు మొత్తానికి అలాంటి టాపు ఒక్కటే.

సంజన పెరట్లో గిన్నెలు తోముతోంది. నాగవేణి వెళ్ళి ఎదురుగా నిలబడింది.

"ఇంద్రజ గదూ?"

సంజన చేతిలో పీచు ఆగింది. "నేను చెప్పలా," అంది చివరికి. "నువ్వే కనుక్కున్నావ్. రేపు ఎవరడిగినా అదే చెప్పు."

"దాని కోసం బస్టాండులో కూర్చున్నావా?"

"ఇద్దరం కలిసి లోపలికి పోవాలని. అయిదింటికి వస్తానంది. కొండ మీద రష్ అంట, దిగేసరికి లేటయింది."

"వాడెవడు?"

"డిగ్రీ చదువుతాడంట. నాకు తెలవదు. కూర్చుని మాట్లాడుకున్నారంతేనమ్మా." సంజన గిన్నె పక్కన పెట్టింది. "వాళ్ళ నాన్నకి తెలిస్తే చదువు మాన్పిస్తాడు. వాళ్ళక్కని అట్టాగే మాన్పించాడు. పదో క్లాసులో ఫోను పట్టుకుందని. చెప్పమాకమ్మా."

"నీ చదువు పోతే?"

సంజన మళ్ళీ పీచు అందుకుంది.

"మేనత్త ఇంట్లో ఉందని ఆయన బొంకొచ్చు. నా కూతురు మీదికి తొయ్యొచ్చు. నేను మాత్రం నోరు కుట్టేసుకోవాల! రేపు సారు ముందర చెప్తా. ఎవరి తప్పు వాళ్ళే మొయ్యాల," అంది నాగవేణి. మూడు రోజుల తర్వాత ఆ పూట ఆమెకు ఆకలి వేసింది.

*

గురువారం ప్రిన్సిపాలు గదిలో నలుగురు ఉన్నారు. ప్రిన్సిపాలు తన కుర్చీలో, పుల్లారావు ఎదురు కుర్చీలో కాలు మీద కాలు వేసుకుని, మహాలక్ష్మమ్మ గోడవారన ఔటింగు రిజిస్టరు పట్టుకుని. నాలుగో మనిషి ఇంద్రజ. సంజన ఆ రోజు ఎక్కడికి పోతున్నానని చెప్పిందో అడగడానికి పిలిపించారు. కమిటీలో మిగతావాళ్ళకు పనులున్నాయట. పుల్లారావు ఉంటే అందరూ ఉన్నట్టేనట.

నాగవేణి సంజనను తలుపు దగ్గర నిలబెట్టి లోపలికి వచ్చింది. రాగానే ఆమె కళ్ళు ఇంద్రజ కుడిచంక కిందికి పోయాయి. ఆ పిల్ల కుడిచేతిని పక్కకి గట్టిగా నొక్కిపెట్టుకుని నిలబడింది. ఈ పిల్లకి తెలుసు, తన ఒంటి మీద ఉన్న ముక్క ఎవరు వేశారో.

"ఏమ్మా నాగవేణీ," అన్నాడు పుల్లారావు. గొంతులో కోపం లేదు, తీరుబడిగానే ఉంది. "పిల్లని మంచిచెడ్డా చూసుకోవాల గదా. ఫీజు లేకుండా చదువు చెప్తంటే ఇట్టాగేనా?"

ఫీజు లేకుండా! నాగవేణి పళ్ళు బిగబట్టింది. ఎర్రగీత సంగతి నాలిక చివరన ఉంది. ఒక్క మాట చాలు. ఇంద్రజను చెయ్యెత్తమంటే చాలు.

"ఆ ఫొటోలోది నా పిల్లే అయితేనా," అంటున్నాడు పుల్లారావు, కూతురి వైపు చూడను కూడా చూడకుండా, "ఈపాటికి కాళ్ళిరగ్గొట్టి ఇంట్లో కూర్చోబెట్టేవాణ్ణి. పెద్దదానికి అదే చేశా. అడగమనండి మా ఊళ్ళో. ఆడపిల్లని అట్టా పెంచాల."

ఇంద్రజ కళ్ళు మూసుకుంది.

మేనత్త ఇల్లని కూతురు చెప్పిందే నమ్మిన మనిషి ఆయన, గొప్పకి చెప్పడం లేదు. నిజమే చెబుతున్నాడు. తెలిస్తే ఇవాళ సాయంత్రానికి చేసి చూపిస్తాడు కూడా. నాగవేణి ఆ పిల్ల వైపు చూసింది. జూన్ నెలలో టేపు పెట్టి కొలిచిన పిల్ల. నడుము ఇంత, భుజం ఇంత అని చెబుతుంటే కితకితలని నవ్విన పిల్ల. తన చెయ్యి ఒక పిల్ల చెంప మీద పడింది, అదే ఇంకా అరిగించుకోలేకపోతోంది. ఇంకో పిల్ల కాళ్ళ మీదికి ఇంకో చేతిని తానే పిలవాలా?

"ఆ ఫొటో మళ్ళీ ఒకసారి చూపించండి సారూ," అంది.

ప్రిన్సిపాలు ఫోను ఇచ్చారు. ఆమె పెద్దది చేసి బల్ల మీద పెట్టింది.

"ఇది మన పిల్లల డ్రెస్సు కాదండీ. సినిమావాళ్ళది."

పుల్లారావు కాలు మీది కాలు దించాడు.

"దసరాలో ముప్పై జతలు కుట్టిచ్చా గదా. ఇదిగో, చంక కింద ముక్క చూడండి. గళ్ళు కలవలా, రంగు తేలిక. ఇది ఆళ్ళు తెచ్చుకున్న తాను. ఎవరికో పట్టకపోతే మళ్ళీ లూజు చేయించుకున్నారు. మన పిల్లల బట్టకి నేను ఇట్టాంటి ముక్క వేస్తానా సారూ? వేస్తే నన్ను ఉంచుతారా?"

ముక్క నిజం. తాను నిజం. దాని చుట్టూ ఉన్నది మాత్రం అబద్ధం.

ప్రిన్సిపాలు మొహంలో నాలుగు రోజుల తర్వాత రక్తం ఆడింది. "అంటే షూటింగు అప్పటి ఫొటోనా? ఆ ఆర్టిస్టులు కొండకి వెళ్ళి..." అంటూ అప్పుడే గ్రూపులో పెట్టబోయే మెసేజీ మనసులో రాసుకుంటున్నారు. నమ్మాలనుకున్న మనిషిని నమ్మించడానికి ఎంతసేపు?

పుల్లారావు మాత్రం ఫోను అందుకుని కళ్ళద్దాలు పైకి నెట్టి చూశాడు. "సినిమావాళ్ళవి కురచగా ఉన్నాయన్నారే ఎవరో. ఇది పొడుగ్గానే ఉందే," అన్నాడు. ఆయన మహాలక్ష్మమ్మ వైపు తిరిగాడు. "షూటింగప్పుడు నువ్వు ఉన్నావుగా. చూశావా ఆ డ్రెస్సులు?"

మహాలక్ష్మమ్మ చూసింది. పదిరోజులూ అక్కడే ఉంది. జిప్పులు తెగిపోతే పిన్నులు తెచ్చిచ్చింది కూడా ఆమే. ఏది కురచో ఏది పొడుగో ఈ ఊళ్ళో నాగవేణి తర్వాత తెలిసిన మనిషి ఆమె ఒక్కతే. వార్డెను నాగవేణిని చూసింది. తర్వాత, మెల్లగా, ఇంద్రజ నొక్కిపెట్టుకున్న మోచేతిని చూసింది. చూసి రిజిస్టరు మూసింది.

"చూశానండీ," అంది. "రెండు రకాలు తెచ్చుకున్నారు. పాటకి కురచవి, మామూలుకి ఇయ్యి." అడగని దానికి కూడా జవాబు చెప్పింది. "ఆదివారం బస్సులు గూడా లేవు సార్. కార్తీకమాసమని అన్నీ కొండకే వేశారు. సంజన బస్టాండులో ఉండిపోయిందంటే అందుకే. నేను ముందే కనుక్కోవాల్సింది, నాదే పొరపాటు."

పిల్లని కాపాడ్డానికి అందో, తన కాపలాకి మచ్చ రాకూడదని అందో నాగవేణికి అప్పుడే కాదు, ఎప్పటికీ తెలియలేదు. పుల్లారావు ఫోను బల్ల మీద పడేశాడు. కమిటీ పని అయిపోయింది. కూతురు అక్కడే ఉన్న సంగతి అప్పుడే గుర్తొచ్చినట్టు, "క్లాసుకి పో," అన్నాడు. ఇంద్రజ చెయ్యి పక్కకి నొక్కుకునే గది దాటింది. నాగవేణి పక్కనుంచి పోతూ తలెత్తలేదు, కృతజ్ఞత చూపించడానికైనా.

"ఆదివారం వస్తానమ్మగారూ, పిల్లల బట్టలు లూజులూ టైట్లూ చూడాల," అంది నాగవేణి బయటికి వచ్చాక.

"ముందు ఆ పిల్లదే చూడు," అంది మహాలక్ష్మమ్మ, అంతకుమించి ఒక్క మాట లేకుండా చప్పుడు చెయ్యకుండా వెళ్ళిపోయింది.

హాస్టలు మెట్ల దాకా సంజన పెట్టె నాగవేణే మోసింది. గదిలో జరిగిందంతా సంజన తలుపు దగ్గర నిలబడి విన్నది. తల్లి చెప్పింది కూతురికి నచ్చి ఉండాలి, నిన్న బతిమాలింది దానికే గదా. కూతురు నవ్వుతుందనీ, చెయ్యి పట్టుకుంటుందనీ నాగవేణి ఆశపడింది. చెంప మీద మచ్చేమీ మిగల్లేదు, తాను ఓరకంట చూసుకుంది.

"తప్పయిపోయిందే," అంది మెట్టు మీద పెట్టె దించుతూ. "నువ్వు కాదన్నప్పుడే నమ్మాల్సింది."

"పర్లేదులేమ్మా."

"ఇంద్రజకి ఇంకేం కాదు. నేను చూసుకుంటాలే."

సంజన పెట్టె పిడి పట్టుకుంది, ఎత్తలేదు. "అమ్మా."

"ఏందే?"

"ఇంద్రజ కోసం అట్టా చెప్పావు గదా." ఆ పిల్ల గొంతులో నిష్ఠూరం లేదు, లెక్కల్లో తెలియనిది అడిగినట్టు అడుగుతోంది. "ఆ ఫొటోలో ఉంది నిజంగా నేనే అయితే? నాకోసం గూడా అట్టా చెప్పేదానివా?"

చెప్పేదాన్నే, పిచ్చిదానా, అనబోయింది నాగవేణి. మాట నోటిదాకా వచ్చింది. కూతురు కళ్ళార్పకుండా చూస్తోంది. సోమవారం ఆ గదిలో తాను అడిగిన ప్రశ్నలు మూడు, ఆగిన సమయం ఒక నిమిషం. పుల్లారావు కూతురికి అంతకన్నా ఎక్కువే ఇచ్చింది ఇవాళ.

లోపల బెల్లు కొట్టారు. సంజన ఇంకా నిలబడే ఉంది.

నాగవేణి నోట్లోకి వచ్చిన మాటను మింగేసింది. ఒక రోజుకి ఒక అబద్ధం చాలు.